గంటె పట్టుకుని వీధిలోకి

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. మొండి బాకీలు చాలానే వసూలు చేశాను. కాని మా బుజ్జి దగ్గర రెండు చెంచాల మూత్రం వసూలు చేయడానికి పడ్డ పాట్లు వాటిలో దేనికీ పడలేదని మనవి.

బుజ్జి మా తెల్ల స్పిట్జ్ కుక్క. వయసు తొమ్మిదేళ్ళు, బరువు తొమ్మిది కిలోలు. మూడు తరాలుగా బెంగుళూరులో ఉంటున్న ఇల్లు మాది. అందుకని దానికి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, రెండూ వచ్చు. నాన్నగారు పోయాక పగలంతా అమ్మకు అదే తోడు. మేమిద్దరం ఆఫీసులకు వెళ్ళిపోతే, అమ్మ మాట్లాడేది దానితోనే.

మొన్న వేసవిలో గిన్నెలో నీళ్ళు చాలక బకెట్లో మూతి పెట్టడం మొదలుపెట్టింది. తిండి బాగానే తింటోంది, ఒళ్ళు మాత్రం తీస్తోంది. పక్కింటివారు ఎండల వల్లనే అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడకు ఇరవై ఏళ్ళుగా చక్కెర జబ్బు. "నాకూ మొదట్లో ఇలాగే ఉండేదిరా. డాక్టరుకి చూపించు" అంది.

పశువుల డాక్టరుగారు ముందు నీళ్ళ లెక్క అడిగారు. లెక్కంటే మనకు హుషారే కదా! కొలిచి పోసి, మిగిలింది తీసేసి, రెండు రోజులు రాశాను. రోజుకు 1,300 మిల్లీలీటర్లు తేలింది. కుక్క తన బరువులో కిలోకు 100 మిల్లీలీటర్లు మించి తాగితే అనుమానించాలట. అంటే మా బుజ్జికి 900. మూత్రపిండాల జబ్బు కావచ్చు, చక్కెర కావచ్చు, ఆడకుక్క కనుక గర్భసంచిలో చీమూ కావచ్చు. రక్తపరీక్షతోపాటు పొద్దుటి తొలి మూత్రం కావాలన్నారు. "అలాగని రాత్రి నీళ్ళు మాత్రం ఆపకండి" అని హెచ్చరించారు.

మనిషికైతే సీసా చేతికిస్తే సరి. కుక్కకు ఎలా చెప్పడం? నేలమీద పడ్డది తీస్తే మట్టి, క్రిములు కలుస్తాయి. సబ్బు మిగిలిన సీసా పనికిరాదు. స్టీలు సామాన్ల కొట్లో పొడుగు కాడ గంటె కొత్తది కొన్నాను. మా ఆవిడ దాని కాడకు ఎర్రదారం కట్టి, "ఇది వంటింటి గడప తొక్కకూడదు" అంది.

మొదటిరోజు గంటె చూడగానే బుజ్జి లేచి నిలబడింది. రెండోరోజు అదేదో తినేదనుకుని నాకింది. ఎదురింటాయన "ఏను సార్, బెళిగ్గె బెళిగ్గె?" అని నవ్వాడు. మూడోరోజు గొలుసు మా ఆవిడ పట్టుకుంది. బుజ్జి కూర్చుని మొదలుపెట్టేదాకా ఆగి, మొదటి చుక్కలు వదిలేసి, వెనకనుంచి గంటె మెల్లగా జార్చాను. చేతికి తొడుగు వేసుకున్నాను. ఎలుకజ్వరంలాంటివి కుక్క మూత్రంవల్ల మనిషికి అంటే ప్రమాదం ఉంది. గంటలోపల ఇచ్చేయాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆవకాయ పక్కన అది కుదరదని ఇంట్లో తీర్పు వచ్చేసింది కనుక సీసామీద టైము రాసి, స్కూటరెక్కి పరుగెత్తాను.

మూత్రంలో చక్కెర కనబడింది. రక్తపరీక్ష కూడా అదే తేల్చింది. మూత్రపిండాలు బాగున్నాయి. పన్నెండు గంటలకొకసారి, తిండి పెట్టాక, ఇన్సులిన్ సూది వేయాలన్నారు. జీవితాంతం తప్పదట. మా ఇద్దరికీ చేతులు వణికాయి. అమ్మ మాత్రం "నేను రోజూ పొడుచుకోవడం లేదూ? చర్మం ఇలా పైకి పట్టుకో" అని చూపించింది. ఇప్పుడు పొద్దుట సూది నాది, సాయంత్రం మా ఆవిడది. రెండుపూటలా తల నిమిరేది అమ్మ.

ఈ జబ్బున్న కుక్కల్లో చాలావాటికి కళ్ళలో శుక్లాలు వస్తాయని డాక్టరుగారు ముందే చెప్పారు. బుజ్జి కళ్ళు కాస్త మసకబారాయి. అయినా అమ్మ గొంతు పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది. నీళ్ళు 600కు దిగాయి.

మీ ఇంట్లోనూ కుక్క ఉంటే దాని నీళ్ళగిన్నెమీద ఒక కన్నేసి ఉంచండి. నోరులేని జీవాలు చెప్పలేని సంగతి ఆ గిన్నె చెబుతుంది.