నాయినతో నాపా లోయకి

నవంబర్‌లో ఇన్‌స్టా తెరిస్తే చాలు, బే ఏరియా తెలుగోళ్ల రీల్స్ అన్నీ ఒకేలా ఉంటాయి. ఎర్రగా, పసుపుగా మెరిసే ద్రాక్షతోట. మధ్యలో లాంగ్ ఫ్రాక్. వెనకాల ఏదో మెలోడీ. నేనూ అలాంటి రీల్ చేద్దామనే మా నాయినను తీసుకుని నాపా వ్యాలీకి బయల్దేరాను.

కారు దిగాక ఆయన ముందుగా వెళ్లింది తోట అంచుకే. ఒక ఎర్రాకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అంచులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

"దీనికి రోగమొచ్చింది బిడ్డా" అన్నారు.

"అది ఫాల్ కలర్ నాయినా, చలికి అట్లనే మారుతుంది" అని నవ్వేశాను. పావుగంట తర్వాత వైనరీలో గైడ్‌ని అడిగితే తెలిసింది, నాయినే కరెక్ట్. ఆరోగ్యంగా ఉన్న ద్రాక్షాకు చలికి ఎక్కువగా పసుపు రంగులోకి మారుతుంది. కాబర్నే లాంటి నల్లద్రాక్ష రకాల్లో ఆకు నెత్తురులా ఎర్రబడిందంటే, చాలాసార్లు అది లీఫ్‌రోల్ అనే వైరస్ పని. అంటే మనం లైకులు కొట్టే ఆ ఎరుపు రైతుకు దిగులన్నమాట!

ఆ ఒక్క మాటతో నా ట్రిప్ ప్లాన్ మారిపోయింది. ఫోన్ జేబులో పెట్టి నాయిన వెనకాల నడిచాను.

మా ఇంటి ద్రాక్ష

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మాది శామీర్‌పేట దగ్గర ఓ ఊరు. ఇప్పుడు ఆ వైపు వెళ్తే గేటెడ్ కమ్యూనిటీలు, ఫామ్‌హౌస్‌లు, ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ, ముఖ్యంగా రంగారెడ్డి జిల్లాలో, ద్రాక్షతోటలు ఉండేవంటే మీలో చాలామంది నమ్మకపోవచ్చు. అనాబ్-ఎ-షాహీ అని పొడుగు గింజ తెల్లద్రాక్ష, హైదరాబాద్‌కి పేరు తెచ్చిన రకం. మాకూ నాలుగెకరాల తోట ఉండేది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, తలెత్తు పందిరి వేసేవాళ్లు. ఎండాకాలం ముందు బడి నుంచి వచ్చి ఆ పందిరి కింద పడుకుంటే, నెత్తి మీద గుత్తులు వేలాడేవి.

2013లో నాకు అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఆ ఏడాదే తోట పోయింది. బోర్లు ఎండిపోయాయని, కూలోళ్లు దొరకట్లేదని నాయిన చెప్పారు. అవి నిజమే. నా ఫీజు మాట మాత్రం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. తోటలో పీకిన రాతి కడీలే తర్వాత ప్లాట్లకు హద్దురాళ్లయ్యాయి. మా ఇంట్లో ద్రాక్ష గురించి మాట్లాడటం అప్పటి నుంచే బందయింది.

అందుకే నాపా తీసుకెళ్తానన్నప్పుడు నాకు లోపల కొంచెం భయంగానే ఉంది.

పండుకునే తీగ

నాపా లోయ పెద్దదేం కాదు. పొడవు సుమారు 50 కిలోమీటర్లు, బాగా వెడల్పైన చోట కూడా ఎనిమిది కిలోమీటర్లే. పడమట మయకామస్ కొండలు, తూర్పున వాకా కొండలు. ఫ్రీమాంట్ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే నాపా టౌన్ వస్తుంది. అక్కడి నుంచి హైవే 29 పట్టుకుంటే యాంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్, సెయింట్ హెలీనా వరసగా వచ్చి, చివర్లో కాలిస్టోగా. దారంతా రెండు వైపులా ద్రాక్షే. జిల్లా మొత్తం మీద దాదాపు 45 వేల ఎకరాలు. అయినా కాలిఫోర్నియాలో తయారయ్యే వైన్‌లో నాపా వాటా నాలుగు శాతమే. పేరు మాత్రం ప్రపంచమంతా.

ఆ పేరు 1976లో వచ్చింది. పారిస్‌లో ఫ్రెంచ్ నిపుణులు సీసాల మీద పేర్లు చూడకుండా రుచి చూసి మార్కులు వేస్తే, తెల్ల వైన్‌లోనూ ఎర్ర వైన్‌లోనూ ఫ్రాన్స్‌ని దాటి నాపా సీసాలే ఫస్ట్ వచ్చాయి. ఆ తెల్ల వైన్ చేసిన షాటో మాంటెలీనా కాలిస్టోగాలోనే ఉంది.

నాయినకు ఈ చరిత్ర పెద్దగా ఎక్కలేదు. ఆయన చూసినవి వేరే. వరస చివర ప్రతిచోటా గులాబీ మొక్క ఎందుకుంది? బూడిద తెగులు గులాబీకి ముందు వస్తుందని, దాన్ని చూసి రైతు జాగ్రత్త పడేవాడని గైడ్ చెప్పింది. ఇప్పుడైతే ఎక్కువగా అందం కోసమే. కర్రల మీద ఆ చెక్క డబ్బాలేంటి? గుడ్లగూబల ఇళ్లు. వేర్లు కొరికే గోఫర్లను అవి రాత్రిపూట పట్టుకుంటాయి. ఆ పొడుగు స్తంభం మీద ఫ్యాన్ ఎందుకు? వసంతంలో మంచు పడి లేత చిగుళ్లు మాడిపోకుండా, పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోయడానికి.

"గుడ్లగూబకు ఇల్లు కట్టిచ్చిన్రా? మన దగ్గరైతే ఇంటి మీద వాలితే శాంతి చేపిస్తం" అని నవ్వారు. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

తర్వాత మోడు మీద చెయ్యేసి అన్నారు: "ఇది పండుకుంటది బిడ్డా. మన తీగ పండుకోదు."

అవును కదా! ఇక్కడ ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా కోత. కాయ చల్లగా ఉండాలని చాలాచోట్ల రాత్రిళ్లు లైట్లు పెట్టుకుని కోస్తారు. నవంబర్‌లో ఆకు రాలుతుంది, చలికాలమంతా తీగ నిద్ర. జనవరి, ఫిబ్రవరిల్లో కొమ్మ కత్తిరింపు. మన దగ్గర అంత చలి లేదు కాబట్టి తీగకు నిద్ర ఉండదు. అందుకే ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి దాన్ని దారిలో పెడతారు. వాళ్ల తీగ నిద్రపోతుంటే మన తీగ పూత, పిందె మీద ఉంటుంది.

పందిరి అంటే పర్రా

టేస్టింగ్ బుక్ చేశాను. ధర అడిగితే సగానికి సగం తగ్గించి చెప్పాను. ఇలాంటి అబద్ధాలకు పాపం అంటదు. డ్రైవింగ్ నాదే కాబట్టి నేను నోట్లో పోసుకుని బకెట్‌లో ఉమ్మేశాను. నాయిన బిత్తరపోయారు. "ఇంత పైసలు వెట్టి ఉమ్ముతున్రా?" ఆయన ఒక గుక్క తాగి, "మందు లెక్క లేదు, పుల్లగుంది. దీని కాయ ఏది?" అన్నారు.

పోసినమ్మాయి మమ్మల్ని తోటలోకే తీసుకెళ్లింది. కోతలో వదిలేసిన చిన్న గుత్తులు అక్కడక్కడా వేలాడుతున్నాయి. ఒకటి తెంపి ఇచ్చింది. బఠాణీ అంత గింజ, మందం తోలు, లోపల అంతా విత్తనమే, కానీ తీపి మాత్రం మామూలుగా లేదు. "అనాబ్ ముందర ఇదేం కాయ?" అన్నారు నాయిన. కాసేపాగి, "అయినా రసం వేరు, తినే కాయ వేరు" అని ఒప్పుకున్నారు.

అక్కడ ఒకాయన డ్రిప్ పైపులు సరిచేస్తున్నాడు. మెక్సికో నుంచి వచ్చినాయన. నాయినకు ఇంగ్లిష్ రాదు, ఆయనకు తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. నాయిన రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, వేళ్లు చాపి, పందిరి అల్లి చూపించారు. ఆయన రెండు సెకన్లు చూసి, "పర్రా! పర్రా!" అని అరిచినంత పని చేశాడు. తర్వాత గూగుల్‌లో వెతికితే అర్థమైంది, స్పానిష్‌లో పందిరికి పాకించిన ద్రాక్షతీగను అలాగే అంటారట. తర్వాత ఇద్దరూ కొమ్మ పట్టుకుని ఎన్ని కణుపులు వదలాలో వేళ్లతో లెక్కలు చెప్పుకున్నారు. నేను పక్కన నిలబడ్డాను, అంతే.

ఓటేస్తేనే ప్లాట్లు

తిరిగొచ్చేటప్పుడు నాయిన అడిగారు: "ఇంత పెద్ద ఊర్లు పక్కనే ఉన్నయి. వీళ్లెందుకు ప్లాట్లు చెయ్యలే?"

అదే అసలు ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో ఇక్కడికి గంట, గంటన్నర దూరమే. 1960ల్లో సిలికాన్ వ్యాలీ వైపు పండ్లతోటలన్నీ ఇళ్లుగా మారిపోతుంటే, నాపా వాళ్లకు భయం పట్టుకుంది. 1968లో వ్యవసాయ భూమిని కాపాడే చట్టం చేసుకున్నారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిదంటారు. భూమి అమ్ముకోవచ్చు, కానీ ముక్కలు చేయకూడదు. మొదట 20 ఎకరాలు, తర్వాత 40 ఎకరాల కంటే చిన్న ముక్క కుదరదన్నారు. 1990లో ఇంకో మెట్టు ఎక్కారు. సాగుభూమిని వేరే పనికి మార్చాలంటే నాయకులు సంతకం పెడితే చాలదు, జనం ఓటేయాలి. ఆ నియమం 2058 దాకా ఉంటుంది.

అంతా బంగారమేం కాదు. ఎకరం ధర లక్షల డాలర్లలో ఉంది, మామూలు రైతు కొనలేడు. తోటల్లో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇక్కడ అద్దె కట్టే స్తోమత లేక రోజూ దూరం నుంచి వస్తారు. 2020లో కాలిస్టోగా చుట్టూ అడవి మంటలు లేస్తే, కాలని తోటల్లోనూ కాయకు పొగ వాసన పట్టి పంట పోయింది.

ఇదంతా చెప్పాను. నాయిన కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

ట్రాక్టర్‌కు దీపాలు

డిసెంబర్ మొదటి శనివారం మళ్లీ వెళ్దామని ఈసారి ఆయనే అడిగారు. కాలిస్టోగాలో ట్రాక్టర్ల ఊరేగింపు ఉంటుందని గైడ్ చెప్పిన మాట ఆయన మర్చిపోలేదు. పాతికేళ్లు దాటిన పండగ ఇది. లింకన్ అవెన్యూ అని ఊరి మెయిన్ రోడ్డు. సాయంత్రానికే జనం కుర్చీలు, దుప్పట్లు వేసుకుని కూర్చుంటారు. చలి వణికిస్తోంది, చేతిలో హాట్ చాక్లెట్.

ఏడింటికి మొదలైంది. పాత ట్రాక్టర్లు, లారీలు, జేసీబీ లాంటి బండ్లు ఒక్కొక్కటీ వేల లైట్లు చుట్టుకుని వస్తున్నాయి. స్టీరింగ్ దగ్గర శాంటా టోపీలో తాతలు, ట్రాలీలో పిల్లలు. డప్పులొక్కటే తక్కువ. మన దగ్గర దసరాకు ట్రాక్టర్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండేసి, టైరు కింద నిమ్మకాయ పెడతామే, అచ్చం ఆ మర్యాదే. పొలం పని అయిపోయింది, బండికి దండం పెట్టుకునే రోజు ఇది.

"అరే, మాసీ!" అని నాయిన లేచి నిలబడ్డారు. పాత ఎర్ర మాసీ ఫెర్గూసన్. మా ఇంట్లో ఉన్నదీ అదే కంపెనీ. తోటతో పాటే దాన్నీ అమ్మేశాం. నడిపే తాత ఈయన్ని చూసి హారన్ కొట్టాడు.

అప్పుడు అడిగేశాను, పదేళ్లకు పైగా దాచుకున్న మాట. "నా కోసమే అమ్మినవా నాయినా?"

ఆయన ట్రాక్టర్ మీద నుంచి చూపు తిప్పలేదు. "మన దగ్గర గూడ ఈ చట్టం ఉంటే తోట ఉండు. నువ్వు ఈడ ఉండకపోదువు. ఏది మంచిదో నాకెరుక లేదు బిడ్డా. కానీ ఊరంతా ఒక్కమాట మీద ఉంటే, నేనొక్కన్నే అమ్మాల్నా వద్దా అని రాత్రుళ్లు కూసునేటోన్ని గాదు."

నేనేం మాట్లాడలేకపోయాను. లైట్లన్నీ కాసేపు మసకగా కనిపించాయి.

మీరూ వెళ్లాలనుకుంటే

ఆకు రంగుల కోసమైతే అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మూడో వారం మంచి టైం. థాంక్స్ గివింగ్ వారాంతంలో ట్రాఫిక్ ఎక్కువ. టేస్టింగ్‌కు ముందే బుక్ చేసుకోవాలి, 21 నిండాలి, ఐడీ తప్పనిసరి, డ్రైవ్ చేసేవాళ్లు తాగొద్దు. హైవే 29 జామ్ అయితే పక్కనే సిల్వరాడో ట్రెయిల్ ఉంది, అదే అందమైన దారి కూడా. ట్రాక్టర్ పరేడ్ చూడ్డానికి టికెట్ లేదు. పార్కింగ్ కోసం మధ్యాహ్నమే చేరుకోండి, స్వెట్టర్ మర్చిపోవద్దు. జనవరి దాటితే వరసల మధ్య ఆవపూలు పూస్తాయి, అప్పుడు జనం తక్కువ.

అమెరికా దాకా అక్కర్లేదనుకుంటే, హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఇండియా వెళ్లాక నాయిన అక్కడికి పోయొచ్చారు. నేను చెప్పలేదు, ఆయనే పోయారు. ఆ రోజు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పందిరి, దాని కింద తెల్లగుత్తి, పక్కన నాయిన చెయ్యి.

కింద ఒక వాయిస్ మెసేజ్: "అనాబ్ ఇంక ఉంది బిడ్డా."