మిహిర కోసం శ్రీహరికోటకు

బాన్సువాడ బస్టాండులో హైదరాబాద్ బస్సు ఎక్కేటప్పుడు మా మేనకోడలి సంచిలో రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు, ఒక నోటుబుక్కు ఉన్నాయి. ఆ రోజు 2022 ఆగస్టు 5, శుక్రవారం. మేం బయల్దేరింది శ్రీహరికోటకు. ఇస్రో కొత్తగా చేసిన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ ఆదివారం పొద్దున 9 గంటల 18 నిమిషాలకు మొదటిసారి ఎగరబోతోంది. గ్యాలరీలో కూర్చుని చూడటానికి ఇద్దరి పేర్లూ ముందే నమోదు చేయించాను.

దీనికంతటికీ మూలం ఒక సినిమా. 2018 డిసెంబరు 21న 'అంతరిక్షం 9000 కేఎంపీహెచ్' విడుదలైంది. 'ఘాజీ' తీసిన సంకల్ప్ రెడ్డి దర్శకుడు, వరుణ్ తేజ్ హీరో. సెలవులకు వచ్చిన పిల్లను నిజామాబాద్ తీసుకెళ్లి చూపించాను. అప్పుడు తనకు తొమ్మిదేళ్లు. మిహిర అనే ఉపగ్రహం అదుపు తప్పుతుంది. అది ఇంకోదాన్ని గుద్దిందా, ప్రపంచంలో ఫోన్లూ నెట్టూ మూగబోతాయి. పాత గాయంతో అంతరిక్ష సంస్థను వదిలి వెళ్లిన దేవ్‌ను వెతికి పట్టుకొస్తారు. అతనూ తోటివాళ్లూ పైకి వెళ్లి, ప్రాణాలకు తెగించి దాన్ని దారికి తెస్తారు. సినిమా పెద్దగా ఆడలేదు. నాకు మాత్రం నచ్చింది. వ్యోమగాములు తెలుగులో మాట్లాడుకోవడం, తెలుగులో భయపడటం అప్పటిదాకా నేను చూడలేదు. పిల్లకైతే మిహిర పట్టుకుంది. ఆ పేరు నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది. నిజం రాకెట్ చూపిస్తానని అప్పుడే మాటిచ్చాను. మధ్యలో కరోనా వచ్చింది, రెండేళ్లు పోయాయి.

నాది మోటర్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటర్లు విప్పి, కొత్త తీగ చుట్టి ఇస్తాను. ఆ జులైలో వానలు గట్టిగా పడ్డాయి, బోర్ల మీద ఒత్తిడి తగ్గింది. లేకపోతే నాలుగు రోజులు షట్టర్ దించే ధైర్యం నాకు రాదు. బస్సు కామారెడ్డి వైపు పోతుంటే దారి పొడుగునా నాట్లు పడ్డ పొలాలు, గట్ల మీద స్టార్టర్ డబ్బాలు. మోటర్‌ను కాపాడే రిలే ఏ డబ్బాలో ఏది ఉందో చూడకుండానే చెప్పగలను.

దారిలో పిల్లకు అపోలో 13 కథ చెప్పాను. 1970 ఏప్రిల్ 11న చంద్రుడి మీదికి బయల్దేరిన ముగ్గురు: లోవెల్, స్విగర్ట్, హేజ్. రెండు రోజులు గడిచాక, భూమికి మూడు లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఇద్దరికి రెండు రోజులు సరిపోయేలా కట్టిన చంద్ర వాహనంలో ముగ్గురూ నాలుగు రోజులు తలదాచుకున్నారు. వదిలిన ఊపిరే విషమవుతుంటే, గాలిని శుద్ధి చేసే డబ్బాలు నలుచదరంగా ఉన్నాయి, అమర్చాల్సిన చోటేమో గుండ్రంగా ఉంది. కింద భూమి మీద, హ్యూస్టన్‌లో ఇంజనీర్లు బల్ల ముందు చేరారు. పైన వాళ్ల దగ్గర ఏమున్నాయో అవే పెట్టుకున్నారు: ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, సూటు గొట్టాలు, టేపు. వాటితోనే ఒక జోడింపు చేసి, ఎలా కట్టుకోవాలో రేడియోలో మెట్టు మెట్టుగా చెప్పారు. ఏప్రిల్ 17న ముగ్గురూ ప్రాణాలతో పసిఫిక్‌లో దిగారు. 1995లో హాలీవుడ్ వాళ్లు దాన్ని సినిమాగా తీశారు.

"అయితే కింద ఉన్నోళ్లే హీరోలా మామా?" అంది పిల్ల.

"ఇద్దరూ బిడ్డా" అన్నాను. అప్పటికి నాకు తట్టిన జవాబు అదే.

సికింద్రాబాద్‌లో రాత్రి రైలు. తెల్లారి గూడూరు. అక్కడి నుంచి లోకల్‌లో సూళ్లూరుపేట. శనివారం సాయంత్రం చెంగాళమ్మ గుడికి వెళ్లాం. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు ఈ తల్లికి మొక్కుతారు. పిల్ల ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే పులికాట్ సరస్సు మధ్య నుంచి వేసిన రోడ్డు మీద పోయాం. నిజాంసాగర్‌ను మించిన నీళ్లుంటాయని పిల్ల అనుకోలేదు. ఇవి ఉప్పునీళ్లు, వీటితో ఒక్క మడి కూడా పారదు అని చెబితే బాధపడింది. మంజీర పక్కన పుట్టిన పిల్ల మరి.

గ్యాలరీ స్టేడియంలా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఎదురుగా పెద్ద తెరలు. ఆ రాకెట్ పొడవు 34 మీటర్లు, బరువు 120 టన్నులు. లోపల ఈవోఎస్-02 ఉపగ్రహం, దానికి తోడు ఎనిమిది కిలోల ఆజాదీశాట్. మేం వచ్చింది నిజానికి ఆ ఎనిమిది కిలోల కోసమే. స్వాతంత్ర్యానికి డెబ్బై ఐదేళ్లని, దేశం నలుమూలల్లోని 75 సర్కారు బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు కలిసి దానిలోని పరికరాలు తయారుచేశారు. వాళ్లలో చాలామంది ఆ రోజు శ్రీహరికోటకు వచ్చారు. తన ఈడు వాళ్లు చేసింది ఆకాశానికి పోతోందంటే మా పిల్ల కళ్లు ఎంత పెద్దవయ్యాయో చెప్పలేను.

సున్నా అనగానే చెట్ల మీదుగా వెలుగు లేచింది. చప్పుడు తర్వాత వచ్చింది, చెవుల్లోకి కాదు, ఛాతీలోకి. జనం లేచి నిలబడి అరిచారు. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. రాకెట్ కంటికి అందనంత దూరం పోయాక అందరం తెరల వైపు తిరిగాం. మొదటి అంచె సరిగ్గా మండింది, రెండోది మండింది, మూడోది మండింది. ఒక్కోదానికీ చప్పట్లు. ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఎవరూ చెప్పలేదు. చివరి దశలో సమాచారం అందడం లేదని, పరిశీలిస్తున్నామని అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ప్రకటించారు.

"ఏమైంది మామా?"

"చూస్తున్నరు బిడ్డా."

సూళ్లూరుపేటకు తిరిగొచ్చి అన్నం తింటుండగా ఫోన్లో వార్త వచ్చింది. ఉపగ్రహాలను 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యలో పెట్టాల్సింది, ఒక కొస 356, రెండో కొస 76 కిలోమీటర్లున్న కక్ష్యలో పడ్డాయి. ఇక పనికిరావు.

పిల్ల కంచం పక్కకు జరిపింది. "మిహిర లెక్క మల్ల పోయి బాగు చేయరాదా?"

ఆ ప్రశ్నకు సినిమా జవాబు వేరు, నిజం జవాబు వేరు. అంత కిందికి వస్తే గాలి తగులుతుంది. గంటకు ఇరవై ఏడు వేల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయే వస్తువును ఆ గాలి లాగి, కాల్చి పడేస్తుంది. ఎవరైనా బయల్దేరే లోపే అంతా అయిపోతుంది. ఇదంతా చెప్పాను. ఊరు చేరేదాకా తను ఎక్కువ మాట్లాడలేదు. శ్రీహరికోటకు వచ్చిన ఆ ఆడపిల్లలు ఇళ్లకు ఎలా చేరారోనని నాకు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది.

తర్వాత ఇస్రో కారణం బయటపెట్టింది. చదివిన రోజు షాపులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెండో అంచె విడిపోయేటప్పుడు కుదుపు అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది, అదీ కంటిరెప్పపాటు కన్నా తక్కువసేపు. వేగం మార్పును కొలిచే సెన్సర్లు ఆ కుదుపుకు హద్దు దాటిన అంకెలు చూపాయి. రాకెట్‌లోని కంప్యూటర్ అవన్నీ చెడిపోయాయని తీర్మానించి, వాటిని పక్కనపెట్టి, ముందుగా రాసిపెట్టిన ఆపద్ధర్మ పద్ధతికి మారింది. ఆ పద్ధతిలో చివరి సర్దుబాటు చేసే చిన్న ఇంజను అసలు మండదు. వేగం చాలలేదు. సెన్సర్లు చెడిపోలేదు. చెడిపోయాయనుకోవడమే కొంప ముంచింది.

ఇది నా రోజువారీ పని. మోటర్ ఆన్ చేయగానే మొదటి క్షణం కరెంటు ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే సెట్టింగు బిర్రుగా ఉంటే, మోటర్ ఆగమైందనుకుని ట్రిప్ అవుతుంది. రైతు మోటర్ పైకి లాగించి, బండి కట్టుకుని షాపుకు తెస్తాడు. విప్పి చూస్తే తీగ నిగనిగలాడుతూ ఉంటుంది. మోటర్‌ను కాపాడాల్సిన రిలేకే ఆ మొదటి క్షణాన్ని ఓర్చుకోవడం నేర్పాలి. ఇస్రో కూడా అదే చేసింది. సెన్సర్లు చెడిపోయాయని తేల్చే ముందు ఆగే సమయం పెంచింది, రెండో అంచె విడిపోయే ఏర్పాటునే మార్చి కుదుపు తగ్గించింది. పిల్లను కూర్చోబెట్టి, ఒక రిలే చేతికిచ్చి, స్క్రూ తిప్పి చూపించాను. హీరోలు ఎవరని బస్సులో అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికినట్టు ఇద్దరికీ అనిపించింది.

2023 ఫిబ్రవరి 10, పొద్దున 9 గంటల 18 నిమిషాలు. మళ్లీ అదే గడియకు ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండోసారి లేచింది. ఈసారి షాపులోనే, ఫోన్ తెర మీద చూశాం. బడికి ఆలస్యమైనా నేను పొమ్మనలేదు. మూడు ఉపగ్రహాలూ 450 కిలోమీటర్ల కక్ష్యలో కుదురుకున్నాయి. వాటిలో ఒకటి ఆజాదీశాట్-2, ఆ ఆడపిల్లలు మళ్లీ చేసింది. మొదటి ప్రయోగానికీ దీనికీ మధ్య ఆరు నెలల మూడు రోజులు.

ఆ తర్వాత 'అంతరిక్షం' సినిమా మళ్లీ చూశాం. మొదటిసారి పిల్ల చూపు వరుణ్ తేజ్ మీద ఉండేది. ఈసారి కింద కంట్రోల్ రూములో కూర్చున్న వాళ్లను గమనించింది. అలాంటి సినిమాలు తెలుగులో ఇంకా రావాలి. శ్రీహరికోట మన తెలుగు నేల మీదే ఉంది, అక్కడ జరిగిన నిజం కథలు బోలెడున్నాయి, తీసేవాళ్లు ముందుకు రావాలి.

పిల్లలున్న తల్లిదండ్రులారా, ఒక్క ప్రయోగానికైనా వాళ్లను తీసుకెళ్లండి. గెలిచినదే చూపించాలని పట్టు పట్టకండి. ఇస్రో వెబ్‌సైట్‌లో ప్రయోగానికి కొన్ని రోజుల ముందు పేర్లు తీసుకుంటారు. ఆధార్ దగ్గర పెట్టుకోండి. రుసుము ఏమీ లేదు.