ఆవిరి మీద చేప

ఇడ్లీకి ఆవిరి కావాలి, కుడుముకి ఆవిరి కావాలి. చేపకు ఆవిరెందుకు? గాజులరామారంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఓ ఆదివారం పుట్టిన సందేహమిది. అడిగింది ఇల్లాలు. పొయ్యి ముందున్నది ఆమె భర్త!

జగిత్యాల దగ్గరి పల్లె వాళ్లది. ఇరవై రెండేళ్లు సింగపూర్ షిప్‌యార్డులో వెల్డింగ్ పని చేశారాయన. రెండేళ్లకోసారి నెల రోజుల సెలవు. ఆ సంపాదనతోనే ఇక్కడ జాగా కొన్నారు, ఇల్లు కట్టారు, ఇద్దరు కొడుకుల్ని చదివించారు. మేస్త్రీతో పేచీ పడిందీ, పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుందీ మాత్రం ఆమె ఒక్కతే. ఇప్పుడు కొడుకులు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఆయన పూర్తిగా తిరిగొచ్చేశారు. కానీ ఇద్దరి మధ్యా మాటలేవీ? 'కరెంటు బిల్లు కట్టినవా?' 'కట్టిన.' అంతే!

అంతలో ఆమెకు కడుపులో పుండు. కొన్నాళ్లు కారం, చింతపండు, వేపుళ్లు బంద్ అన్నారు డాక్టరు. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి ఆమె. రోజూ పెరుగన్నం కలుపుకుంటుంటే చూడలేకపోయారాయన.

మొదటి ప్రయత్నం ఘోరం. రవ్వ చేప తెచ్చి, చన్నీళ్ల మీద పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించారు. అరగంట ఉడికించారు. ఒకటే నీచు వాసన, అడుగడుగునా ముల్లు. 'గిదేం కూరయ్యా?' అని పళ్లెం పక్కకు నెట్టిందామె.

మృగశిర కార్తె వచ్చింది. ఆ రోజు చేప తినని ఇల్లుండదు కదా! తెల్లారకముందే రాంనగర్ మార్కెట్‌కు వెళ్లి పండుగప్ప తెచ్చారు. ముక్కలు కొట్టించలేదు. ముప్పావు కిలో చేప, తలా తోకతో సహా. రెండువైపులా గాట్లు పెట్టి, పొట్టలో అల్లం ముక్కలు, ఉల్లికాడలు కూరారు. పెద్ద బగోనాలో చిన్న గిన్నె బోర్లించి, నీళ్లు సలసలా మరిగాకే పళ్లెం దించి మూత పెట్టారు. పది నిమిషాలు, అంతకు మించితే కండ గట్టిపడుతుంది. పళ్లెంలో చేరిన నీళ్లను పారబోశారు. నీచంతా అందులోనే ఉంటుంది మరి. పైన సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు చల్లి, రెండు చెంచాల వేడి నూనె పోస్తే చుయ్‌మంది. చివరగా కాస్త సోయా సాస్.

ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుందామె. ఏమీ అనలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

'ఎవరు నేర్పిండ్రు?'

అప్పుడు మొదలైంది కబురు. తొలి ఏళ్లలో పప్పూ అన్నంతోనే గడిపి, మిగిలిందంతా ఇంటికి పంపేవారట. ఒకసారి చైనీయుల కొత్త సంవత్సరానికి వాళ్ల సూపర్‌వైజర్ భోజనానికి పిలిచాడట. పండక్కి చేపను ముక్కలు చేయకుండా వండుతారు. వాళ్ల భాషలో చేపను 'యూ' అంటారు. మిగులు అన్నమాటా అలాగే పలుకుతుంది. అందుకే పళ్లెంలో కొంత చేప మిగిల్చి లేస్తారు, ఏడాదంతా ఇంట్లో మిగులుండాలని.

'అది తింటాంటే నువ్వే యాదికొచ్చినవ్. కుత్తుకల దిగలే' అన్నారాయన, తల దించుకుని.

ఇరవై రెండేళ్లలో ఆమె ఈ మాట వినడం ఇదే మొదలు. ఆ ఇంట్లో ఎప్పుడు పులుసు పెట్టినా చేప తల పెద్దకొడుక్కి వెళ్లేది. తండ్రి వంతు అతనికన్నమాట. ఆమె పండుగప్ప తలను జాగ్రత్తగా విడదీసి, భర్త కంచంలో వేసింది.

'బాగుంది గని... పులుసు పులుసే!' అంది నవ్వుతూ.

'నీ కడుపునొప్పి తగ్గనీ. పులుసు నువ్వే వండుదువు' అన్నారాయన.