చెట్ల మధ్య తొమ్మిది గంపలు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కబోయే కొత్తవారికి ముందుగా ఒక మాట. ఈ జిల్లాలో ఎల్లారెడ్డి అనే పేరు రెండు చోట్ల వినబడుతుంది. సదాశివనగర్ వైపు జాతీయ రహదారి మీదున్నది అడ్లూరు ఎల్లారెడ్డి. మేము వెళ్ళినది తాడ్వాయి, లింగంపేటల మీదుగా చేరే ఎల్లారెడ్డి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు రెవిన్యూ డివిజను కేంద్రమైనది ఇదే. బస్సు బోర్డు సరిగా చదవకుండా ఎక్కి, సగము దారిలో దిగి తిరిగి వచ్చినవారిని మేము ఎరుగుదుము.

గత జనవరిలో సంక్రాంతి సెలవులకు మా సంఘ యౌవనస్థులను వెంటబెట్టుకొని ఆ బస్సు ఎక్కాము. ఇరవైముగ్గురము. అందులో పదకొండుమంది ఆడపిల్లలు. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు గనుక, ఆడపిల్లలు జీరో టికెట్లు చేతిలో పట్టుకొని మగపిల్లలను ఏడిపిస్తూ కూర్చున్నారు. దారి పొడవునా యాసంగి నాట్లు. తెల్లవారిన మంచు ఇంకా మడుల మీదనే ఉన్నది. లింగంపేటలో నాగన్న మెట్లబావి చూడవలసినదే గాని ఆ పూట దిగలేదు. అక్కడ ఒక రోజంతా గడపవచ్చును, ఆ సంగతి మరొకసారి వ్రాస్తాము.

ఇంతకూ మేము బయలుదేరినది ఒక ఆట కొరకు. ఎల్లారెడ్డి దగ్గర పల్లెలో మా సంఘ పెద్ద ఒకాయనకు ఎకరమున్నర తోట ఉన్నది. తండ్రి నాటిన మామిళ్ళు, నాలుగు చింతలు, గట్టు మీద వేపలు, ఒక మూలను మద్దిచెట్టు. అమెరికాలో డాలస్‌లో ఉద్యోగము చేసే పెద్దకుమారుడు సెలవు మీద వచ్చి, ఆరు డిస్కులు తెచ్చి, ఆ తోటలో తొమ్మిది గంపలు వ్రేలాడగట్టాడు. ఆయన ఉండే చోట పార్కులలో డిస్క్ గోల్ఫ్ అనే ఆట ఆడతారట. గోల్ఫ్ అనగానే సూటుబూటు వేసుకున్న దొరల ఆట అనుకోవద్దు. దీనికి కర్ర లేదు, బంతి లేదు, పచ్చగడ్డి మైదానమూ అక్కరలేదు. చేతిలో ఒక పళ్లెము, ఎదుట ఒక గంప, అంతే.

ఆడే విధము చెబుతాము. సున్నముతో గీసిన గీత మీద నిలబడి డిస్కును గంపవైపు విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచివెళ్ళి, అక్కడనుండి మళ్ళీ విసరాలి. గంపలో పడేవరకు ఎన్ని విసుర్లు పట్టినవో లెక్కపెట్టుకోవాలి. గంపకు ఎవరు దూరముగా ఉంటే ముందుగా విసిరే వంతు వారిది. తొమ్మిది గంపలు ముగిసేసరికి ఎవరి లెక్క తక్కువైతే వారు గెలిచినట్టు. ఒక్కొక్క గంపకు మూడు విసుర్లు మంచి ఆటగాని లెక్క. అసలు ఆటలో ఇనుప స్తంభానికి గొలుసులు వ్రేలాడుతుంటాయి, డిస్కు వాటికి తగిలి కింది బుట్టలో జారిపడుతుంది. మనకు గొలుసులెక్కడివి? వెదురు గంపకు తగిలితే చాలునని నియమము పెట్టుకున్నాము.

ఈ ఆటకు కొంత చరిత్ర ఉన్నది. అమెరికాలో ఫ్రిస్బీ అనే బేకరీవారి రేకు పళ్లెములను విద్యార్థులు గాలిలో విసురుకొని ఆడుకొనేవారు. ఆ పేరే తరువాత ప్లాస్టిక్ పళ్లెమునకు వచ్చినది. మొదట్లో చెట్టు మానునో, దీపస్తంభమునో, చెత్తడబ్బానో గురిగా పెట్టుకొని ఆడేవారు. 1975లో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానము ఏర్పరచాడు. ఓక్ గ్రోవ్ అంటే ఓక్ చెట్ల తోపు. 1976లో ఆటగాళ్ళ సంఘము, ఆ వెంటనే గొలుసుల బుట్ట, రెండూ ఆయన చేతిమీదుగానే వచ్చినవి. 2002లో చనిపోయినప్పుడు తన బూడిదను డిస్కులలో కలిపి పోతపోయమని కోరగా అలాగే చేశారట. అదేమి కోరికో మాకు అర్థము కాలేదు గాని, ఆట మీద ఆయన ప్రేమ మాత్రము తెలుస్తున్నది.

మా కూడికల్లో ఆట అంటే ఇన్నాళ్ళూ క్రికెట్టే. పదకొండుమంది మగపిల్లలు ఆడతారు, పదిమంది వంతుకోసము చూస్తారు, ఆడపిల్లలు చెట్టుకింద కూర్చుంటారు, పెద్దలు నిద్రపోతారు. ఆ రోజు ప్రార్థన ముగించుకొని తోటలో అడుగుపెట్టినప్పుడు మగపిల్లలు మొహము చిట్లించారు. "అయ్యగారూ, ఇన్ని చెట్లల్ల ఆట ఎట్లయితది?" అని అడిగారు.

మొదటి గంప ఇరవై అయిదు అడుగుల దూరమే, మధ్యలో ఏమీ లేదు. అందరికీ ధైర్యము వచ్చినది. రెండవది మామిడి కొమ్మల కింద. ఎత్తుగా విసిరితే ఆకులలో చిక్కుకుంటుంది, నడుమెత్తులో నేలకు సమానముగా పంపాలి. ఇక్కడనే ఒక కిటుకు తెలుసుకున్నాము. డిస్కు ముందుభాగము పైకి లేస్తే అది గాలిలో ఆగి నిలువునా పడిపోతుంది. పళ్లెములో పులుసు ఉన్నదనుకొని ఒలకకుండా విసరండి అని డాలస్ సహోదరుడు చెప్పిన తరువాత పిల్లలకు వచ్చేసినది. మరొకటి, కుడిచేతివారు చేతిని రొమ్ము ముందుగా లాగి విసిరితే డిస్కు చివరలో ఎడమకు వంగుతుంది. అది తప్పు కాదు, దాని నడక. చెట్టును తప్పించడానికి ఆ వంపునే వాడుకోవాలి. ఆరింటిలో అంచు పలుచగా ఉండి దూరము పోయేవి రెండు, అంచు మందముగా ఉండి మెల్లగా నేరుగా పోయేవి నాలుగు. మగపిల్లలందరూ పలుచనివాటికే ఎగబడ్డారు. క్రొత్తవారి చేతిలో అవి అడ్డముగా పరుగెడతాయి, చెట్ల మధ్య అసలే పనికిరావు.

ఆరవ గంప దగ్గర సంగతి చెప్పకుండా ఉండలేము. అరవై అడుగులు నడవాలి, నడుమ రెండు చింతచెట్లు. వాటి మధ్య సందు బారెడు. మా సంఘములో వేగముగా బౌలింగు చేసే యౌవనస్థుడు బలమంతా పెట్టి విసిరాడు. ఠపీమని చింతమానుకు తగిలి డిస్కు వెనుకకే వచ్చి పడినది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ మానే. అతనికి ఏడు విసుర్లు పట్టినవి. తరువాత స్త్రీల మైత్రి పెద్దమ్మ వంతు. ఆమెకు అరవై దాటినవి. పిల్లలకు అన్నము వండడానికి మాతో వచ్చినది, ఆడడానికి కాదు. "నాకేడొస్తది బిడ్డా" అంటూనే చీర కొంగు దోపుకొని, మణికట్టు ఒక్కసారి విదిలించినది. డిస్కు మెల్లగా, తిన్నగా పోయి సందు ముందు పడినది. రెండవది సందు దాటినది. మూడవది గంప కింద, నాలుగవది గంపకు. ఆడపిల్లల కేకలకు పక్క పొలములో నాట్లు వేసేవారు లేచి నిలబడ్డారు. ఇంత తిన్నగా ఎట్లా వచ్చినదని అడిగితే, "నలభై ఏండ్లు చేటతోని చెరిగిన, గీ మణికట్టుకు గదే పని" అన్నది. అంతవరకు చెట్టుకింద కూర్చున్న ముగ్గురు తల్లులు అప్పుడు లేచి వచ్చారు.

మా ఊళ్ళలోనూ చేయాలనుకునేవారికి రెండు మూడు జాగ్రత్తలు. చెట్లకు మేకులు కొట్టవద్దు, తాడుతో గంప కట్టండి. ముందు మనిషి ఉండగా విసరవద్దు. డిస్కు లేదని స్టీలు పళ్లెము విసరనేవద్దు, తల పగులుతుంది. బకెట్టు ప్లాస్టిక్ మూతతో చిన్నపిల్లలు నేర్చుకోవచ్చును, అంత బాగా ఎగరదు. వానాకాలములో గడ్డి ఎత్తుగా ఉన్నచోట పాములుంటాయి గనుక జనవరి మొదలు ఏప్రిల్ వరకు అనుకూలము.

మధ్యాహ్నము మెదక్ రోడ్డు మీద పోచారం వెళ్ళాము. 1922లో పూర్తయిన ఆ చెరువు కట్ట 2025 ఆగస్టు వరదలో తెగిపోతుందేమోనని ఊళ్ళన్నీ భయపడ్డాయి, నిలిచినది. అక్కడి అడవిని చూడగానే పిల్లలు ఇక్కడ ఆడదామన్నారు. వద్దన్నాము. అది జింకలు, దుప్పులు తిరిగే అభయారణ్యము. చూసి రావలసిన స్థలము, కేకలు వేసే స్థలము కాదు.

సాయంత్రము తోటకు తిరిగి వచ్చి టీ త్రాగుతుండగా, పొద్దున గమనించని సంగతి కంటబడినది. కొన్ని చెట్ల మానులకు సున్నముతో గుర్తులున్నవి. అడిగితే సంఘ పెద్ద మెల్లగా చెప్పారు. మామిళ్ళు ముసలివైనవి, కాపు తగ్గినది. చిన్నకుమారుడు తోట తీసివేసి ప్లాట్లు చేద్దామంటున్నాడు. ఉగాది తరువాత బేరగాడు వస్తానన్నాడు. చిన్నకుమారునిది దురాశ అని మేము అనలేము. అతనికి బోరు అప్పు ఉన్నది, ఇద్దరు పిల్లల చదువు ఉన్నది. అన్న అమెరికా నుండి చెట్లు ఉంచమని చెప్పడము సులభము, ఇక్కడ అప్పు కట్టేది తమ్ముడు. ఆ మాట డాలస్ సహోదరునితోనే అన్నాము. ఆయన కాసేపు ఊరకుండి, "నిజమే అయ్యగారూ, తమ్ముడితో మాట్లాడుతాను. అప్పు సంగతి మొదలు" అన్నాడు.

బస్సు వేళ అయినదని పిల్లలు గంపలు విప్పబోతే, సంఘ పెద్ద వారించారు. "ఉండనియ్యుండ్రి, మళ్లొస్తరు గద" అన్నారు. అప్పుడు ఆయన మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, చిన్నకుమారుని బిడ్డ, సున్నపు గుర్తున్న చింతచెట్టును చూపించి, "తాతా, గిది కొడితే ఆరోది ఎట్ల ఆడుతం?" అని అడిగినది. తాత జవాబు చెప్పలేదు. కొమ్మల్లో చిక్కుకున్న ఎర్ర డిస్కును దింపడానికి పొడుగు కట్టె కోసము వెదుకుతున్నారు.