కాశీరాజు తవ్వించిన ఇంగ్లండ్ బావి

పాత పటం చూస్తే స్టోక్ రోకు నీటి కరువు ఉందని ఎవరూ అనుకోరు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిల్టర్న్ కొండల మీదున్న ఈ చిన్న ఇంగ్లిష్ ఊరు ఒకప్పుడు ఇరుగు పొరుగు పారిష్‌ల మధ్య ముక్కలై ఉండేది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఇళ్లు, పొలాల పరిధి. ఇక్కడ వాటిని థేమ్స్ ఒడ్డు నుంచి కొండల దాకా సన్నటి పట్టీల్లా విభజించారు. అందరికీ కాస్త నది, కాస్త పొలం, కాస్త అడవి. పంపకం న్యాయంగానే ఉంది. కాకపోతే నది ఒక కొసన, స్టోక్ రో మరో కొసన.

కొండపైన బంకమట్టి, దాని కింద సుద్దరాయి. వాన నీరు ఆ రాయిలోంచి పాతాళానికి ఇంకిపోతుంది. మట్టి తవ్వి వదిలేసిన గుంటల్లో నిలిచిన మురికినీరే జనానికి దిక్కు. ఒక ఎద్దడిలో, ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్లు తాగేశాడని ఓ తల్లి కొడుకుని చితకబాదిందట. పక్కనే ఉన్న ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ ఆ సంగతి మరచిపోలేదు. భారత్‌లో అధికారిగా పనిచేస్తూ 1831లో ఆజంగఢ్‌లో ఓ బావి తవ్వించిన రీడ్, తన ప్రాంతపు దాహం గురించి కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు చెప్పారు. రీడ్ స్వదేశానికి వెళ్లాక కూడా రాజు దాన్ని గుర్తుంచుకున్నారు.

1863లో తవ్వకం మొదలైంది. వెడల్పు నాలుగు అడుగులు, లోతు 368 అడుగులు, అంతా చేతులతోనే. కుతుబ్ మినార్ ఎత్తే 238 అడుగులు. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని ప్రారంభించారు. పైన గుమ్మటం, దాని కింద బంగారు పూత పూసిన ఏనుగు బొమ్మ. నీళ్లు ఉచితం. నిర్వహణ ఖర్చులకు పక్కనే చెర్రీ తోట వేశారు. బకెట్ పైకి రావడానికి మాత్రం పది నిమిషాలు పట్టేది!

1857 తిరుగుబాటులో కాశీరాజు ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. కాబట్టి ఈ దానంలో విధేయతా ప్రదర్శన కనిపిస్తే తప్పుపట్టలేం. కానీ ఏలికల దేశంలోనూ గుక్కెడు నీళ్లకు దెబ్బలు తినే పిల్లవాడు ఉన్నాడని లోకానికి చాటింది కూడా ఈ బావే.

20వ శతాబ్దంలో కుళాయిలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. 1964లో శతవార్షికోత్సవానికి ప్రిన్స్ ఫిలిప్ వచ్చారు. ఆ సందర్భంగా బావి నీళ్లలో కాసిన్ని గంగాజలం కలిపారు.