నంద్యాల అక్కయ్య

మావారు పోయాక రాత్రిళ్లు తోచక, కథలు చదివేవారి వాట్సాప్ బృందంలో చేరాను. అక్కడే నంద్యాల అక్కయ్య పరిచయం. మూడేళ్లుగా ఎన్ని కబుర్లు రాసుకున్నామో! ఫోను చేస్తే మాత్రం ఎత్తేది కాదు. మనసుకు కష్టంగానే వుండేది.

2022లో జిల్లా కేంద్రమైన ఆ వూరికి, మహానంది దర్శనం నెపంతో, మొన్న వెళ్లాను. స్టేషనులో వెనకనుంచి "అక్కయ్యా!" అని పిలిచాను. తిరగలేదు. భుజం తట్టాక తెలిసింది, ఆమెకు వినబడదని. నా అలక తలుచుకుంటే సిగ్గేసింది.

మహానంది కోనేరు అద్దమే ననుకోండి. మరునాడు 40 కిలోమీటర్లు బస్సులో ఆళ్లగడ్డ వెళ్లాం. దారి పక్కన రాతి దేవుళ్లు, తెల్లని పొడి, ఉలుల మోత. అక్కడ నాకూ ఏమీ వినబడలేదు! ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఫోన్లు తీశాం.

"ఈ నరసింహస్వామికి ఇంకా కళ్లు చెక్కలేదు, చూశావా?" అని రాసింది.

"చూశాను, అక్కయ్యా" అని రాశాను.