షార్‌లో సూర్యుడి ఆవిరి మాట

సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డెక్కేసరికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, బస్సులో నా పక్కనాయనకు ఇది ఇంకా నెల్లూరే.

శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ మ్యూజియంలో, సూర్యుణ్ని గమనించే ఆదిత్య-ఎల్1 వ్యోమనౌక వివరాల ముందు ఓ బడిపిల్లాడు ఆగాడు. 2023 సెప్టెంబరు 2న పీఎస్ఎల్‌వీ-సీ57 దాన్ని ఇక్కణ్ణుంచే మోసుకెళ్లింది. ‘‘సూర్యుడిలో నీళ్లు కనిపెట్టిందా సార్?’’ అన్నాడు. వాళ్ల మాస్టారు నవ్వేశారు. నవ్వాల్సిన ప్రశ్నేమీ కాదది.

సూర్యుడి ఉపరితలం దాదాపు 5500 డిగ్రీలు. ఆ వేడికి నీటి అణువు ముక్కలైపోతుంది. సూర్యమచ్చల నడిబొడ్డున మాత్రం బలమైన అయస్కాంత క్షేత్రం లోపలి వేడిని పైకి రానివ్వదు. పెద్ద మచ్చల్లో ఉష్ణోగ్రత 3000 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. అక్కడ నీరు ఆవిరిగా బతుకుతుంది. అమెరికాలోని కిట్ పీక్ వేధశాల‌లో తీసిన మచ్చ పరారుణ వర్ణపటాన్ని, ప్రయోగశాలలో 1550 డిగ్రీలకు కాచిన ఆవిరి వర్ణపటంతో పోల్చి 1995లో ఈ సంగతి తేల్చారు. చల్లని ఎర్ర నక్షత్రాల్లో ఆవిరి జాడ అంతకు చాలా ముందే, 1963లో, స్ట్రాటోస్కోప్-2 అనే బెలూన్ దూరదర్శినికి చిక్కింది.

బెలూన్ ఎందుకంటే, అడ్డొచ్చేది మన గాలిలోని తేమే. నక్షత్రపు ఆవిరి మింగే కాంతినే మన ఆవిరీ మింగుతుంది. ఈ తీరంలో నిలబడ్డవాడికి ఆ తేమ సంగతి వేరే చెప్పాలా! అయితే బాగా కాగిన ఆవిరి, చల్లటి ఆవిరిలో కానరాని గీతల్ని కూడా చూపిస్తుంది. పట్టిచ్చేవి అవే.

కాగిన ఆవిరి ఎలాంటిదో చెప్పడానికి పిల్లాడికి ఎల్‌వీఎం3 బొమ్మ చూపించాను. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసిన రాకెట్ అది. దాని పై దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిసి మండుతాయి. నాజిల్‌లోంచి తన్నుకొచ్చేది చాలావరకు నీటి ఆవిరే. ఇంజిన్ లోపల వేడి దాదాపు 3000 డిగ్రీలు, అంటే ఇంచుమించు సూర్యమచ్చలో ఉన్నంత. వాడు బొమ్మలో ఆ నాజిల్ ఎక్కడుందో వేలితో వెతికాడు.

ఇక వాడడిగినదానికి జవాబు: లేదు. ఆదిత్యలో ఏడు పరికరాలున్నాయి. సూర్యుడి వెలుపలి పొర కరోనా, అతినీలలోహిత కాంతి, సౌరగాలి, ఎక్స్ కిరణాలు, అయస్కాంత క్షేత్రం వాటి పని. నీటి గీతల కోసం పెట్టింది ఒక్కటీ లేదు. సౌర తుపాన్ల గుట్టు తేల్చడం ముందు పని కాబట్టి తప్పుపట్టలేం. కానీ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, తేమ బెడద లేనిచోట, నీటి గీతల్ని చూసే ఓ పరారుణ పరికరం కూడా ఉంటే బాగుండేదని నా ఆశ.